చివరి వరుస ఎడమ సీటు

"మా దగ్గర బాగానే నడుస్తుంది మేడమ్."

ఈ మాటకు అక్సా కోపం తెచ్చుకోవడం మానేసింది. కోపానికి కూడా ఓపిక కావాలి. తొమ్మిదో తరగతి లెక్కల పేపర్ల కట్ట ఒళ్ళో పెట్టుకుని, సర్వీస్ సెంటర్ సోఫాలో చేరగిలబడి, ఎదురుగా నిలబడ్డ కుర్రాణ్ణి చూసింది. మెడలో ట్యాగ్ మీద జెరెమియా, సర్వీస్ అడ్వైజర్ అని ఉంది. పోయినసారి ఇంకొకతను, అంతకుముందు మరొకతను. మనుషులు మారుతున్నారు గానీ మాట మారడం లేదు.

"మీ దగ్గర బాగానే నడుస్తుందండీ. రోడ్డు మీదే నడవదు."

"మా డ్రైవర్ తార్నాక దాకా పోయొచ్చిండు. నేను సుత ఒక రౌండ్ కొట్టిన. ఏం ప్రాబ్లమ్ లేదు."

"అంటే మేం అబద్ధం చెప్తున్నామా?"

"నేనట్ల అనలే మేడమ్."

"అనరు. మొహం అలా పెడతారు."

జెరెమియాకు మొహం ఎలా పెట్టాలో తెలియలేదు. కాసేపు చెవి గోక్కున్నాడు. "మీరు జెర తిట్టండి మేడమ్," అన్నాడు చివరికి. "పొద్దుట్నించి అందరు తిడ్తనే ఉన్నరు, అలవాటైంది. మీరు గిట్ల అలిసిపోయి చూస్తే పరేషాన్ అయితున్నది."

అక్సాకు నవ్వు రాబోయింది. శనివారాలన్నీ ఈ సోఫాలో పోగొట్టుకున్న మనిషి నవ్వకూడదని పేపర్ల వైపు చూసుకుంది.

బండి కొని ఇంకా కొత్త వాసన పోలేదు. ఏడు సీట్ల పెద్ద బండి. కొన్న మొదటి ఆదివారమే వాళ్ళ నాన్న డేవిడ్ రాజు ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. "రిటైరైన వయసులో దేవుడు మాకీ బండి ఇచ్చాడు. మా సందులో నడవలేని పెద్దవాళ్ళను ప్రతి వారం మందిరానికి తీసుకొస్తానని సంఘం ముందు మాటిస్తున్నాను." సంఘమంతా స్తోత్రం అంది. పాస్టర్ పాల్ అయ్యగారు బయటికొచ్చి బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థించారు. ఆ నెల తిరక్కుండానే, అదే బండి చిలకలగూడ చౌరస్తాలో ఉన్నట్టుండి ఆగిపోయింది.

మామూలు బండి అయితే ఊరంతా చెప్పుకుని తిట్టుకోవచ్చు. ఇది సాక్ష్యం చెప్పిన బండి. దాన్ని తిడితే సాక్ష్యాన్ని తిట్టినట్టే. అందుకే డేవిడ్ రాజు ఇంట్లో ఒక కట్టడి పెట్టాడు. బండి ఆగుతోందన్న మాట గడప దాటకూడదు. ఎవరూ చూడకుండా సర్వీసుకు తోలుకెళ్ళే పని కూతురి నెత్తిన పడింది.

"ఇంతకీ ఎప్పుడాగుతది మేడమ్?" జెరెమియా పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇంతవరకు ఏ అడ్వైజరూ కూర్చోలేదు.

"ఆదివారం. చర్చికి పోయేటప్పుడు."

"మామూలప్పుడు?"

"స్కూలుకి నేనొక్కదాన్నే వెళ్తాను. ఒక్కసారి కూడా ఆగలేదు."

"ఆగినంక మళ్ళ ఎట్ల స్టార్ట్ అయితది?"

అక్సా కొంచెం సందేహించింది. "మా కాంతమణి అత్త దిగి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంది. స్టార్ట్ అవుతుంది."

"ప్రతిసారీ?"

"ప్రతిసారీ."

నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. "మా అమ్మ సుత మిక్సీకి చేస్తది," అన్నాడు సీరియస్‌గా. "మేడమ్, కండ్లతోని చూస్తే తప్ప మా పైవాళ్ళు నమ్మరు. రేపు ఆదివారం నేనొస్తా. మీతోని బండిల కూసుంటా. నా ముంగట ఆగితే చాలు, బండి మొత్తం ఊడదీయిస్తా."

"మీకు చర్చి లేదా?"

"మా అల్వాల్‌ల సాయంత్రం ఆరాధన సుత ఉన్నది."

ఆ రాత్రి భోజనాల దగ్గర పెద్ద చర్చే జరిగింది. షోరూమ్ మనిషి బండిలో వస్తే సంఘంలో ఎవరని చెప్పాలి? అబద్ధం చెప్పడం డేవిడ్ రాజుకు చేతకాదు. నిజం చెప్పే ధైర్యం లేదు. "అల్వాల్ అబ్బాయి అందాం. తెలిసినవాడు అందాం. రెండూ నిజమే కదా," అన్నాడు.

"అవునండీ, నిజమే," అంది అమ్మ మేబెల్, మజ్జిగ పోస్తూ.

ఆడపిల్ల ఉన్న ఇంటికి తెలిసిన అబ్బాయి ఆదివారం పూట వస్తే సంఘం ఏమనుకుంటుందో, పాపం, ఆ భార్యాభర్తలిద్దరికీ తట్టనే లేదు.

---

పద్మారావు నగర్‌లో వాళ్ళ ఇంటి ముందు ఆదివారం పొద్దున సన్నగా తుంపర పడుతోంది. జెరెమియా తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని, చేతిలో బైబిలుతో వచ్చాడు. టూల్ కిట్‌తో వస్తాడనుకున్న అక్సా అతన్ని ఒకటికి రెండుసార్లు చూసింది.

మామూలుగా డేవిడ్ రాజు ముందు సీట్లో కూర్చుంటాడు. మధ్య వరుసలో మేబెల్, సందు చివరి ఇంటి ముసలి టీచరమ్మలిద్దరూ. చివరి వరుసలో ఎడమ వైపు కాంతమణి అత్త, ఆవిడ పక్కన పూలబుట్ట. ఆ రోజు మాత్రం అత్త బండి దగ్గరే అడ్డంగా నిలబడింది.

"ముందు సీటు చుట్టానిది. వెనక సీటు ఇంటివాళ్ళది. అది పద్ధతే," అంది తమ్ముడితో గొంతు తగ్గించి. ఆవిడ గొంతు తగ్గిస్తే పక్కింటికి మాత్రమే వినిపిస్తుంది. "కానీ ఇంటివాళ్ళం వెనక్కి ఎక్కే తంటాలు చుట్టం చూడకూడదు. కొత్త మనిషి చూస్తుండగా సీటు మడిచి, చీర ఎగ్గట్టుకుని నేనెక్కనా? నీ పెళ్ళాం ఎక్కుతుందా?"

"సీట్లు ఉన్నయ్ కద ఆంటీ, అందరు ఎక్కండి. రోజెట్ల పోతరో అట్లనే పోవాలె," అన్నాడు జెరెమియా.

"నువ్వూరుకో బాబూ. నువ్వు ముందు కూర్చో."

చివరికి అత్త మధ్య వరుసలో టీచరమ్మల పక్కన సర్దుకుంది. డేవిడ్ రాజు, మేబెల్ పాత స్కూటర్ బయటికి తీశారు. చాలా ఏళ్ళ తర్వాత మొగుడి నడుం పట్టుకుని కూర్చున్న మేబెల్ సిగ్గుపడింది కూడా. స్కూటర్ బండిని దాటి ముందుకెళ్ళిపోయింది.

బండి ఆగలేదు. ఎక్కడా చిన్న దగ్గు కూడా దగ్గలేదు.

"చూశారా, మీరుంటే ఎంత బుద్ధిగా ఉందో," అంది అక్సా స్టీరింగ్ మీద గుద్ది.

"మా దగ్గర బాగానే నడుస్తుంది మేడమ్," అన్నాడు జెరెమియా. అని, ఆమె చూపు చూసి నాలిక్కరుచుకున్నాడు.

మందిరం బయట ఆడవాళ్ళు మేబెల్ చుట్టూ మూగారు. అబ్బాయి ఏం చేస్తాడు? ఏ సంఘం? అమ్మానాన్నలు ఉన్నారా? మేబెల్ అమాయకంగా అన్నిటికీ జవాబు చెప్పింది. అల్వాల్‌లో తన మేనత్త కొడుకు ఉన్నాడని, కనుక్కుంటానని ఒకావిడ భుజం కూడా తట్టింది. ఏం కనుక్కుంటుందో మేబెల్‌కు అర్థం కాలేదు.

బండి ఆగలేదు గనక జెరెమియా మరుసటి ఆదివారం కూడా వచ్చాడు. ఆ పై ఆదివారమూ వచ్చాడు. బండి ఆగలేదు. ముందు సీటు జెరెమియాది, స్కూటర్ అమ్మానాన్నలది అయిపోయింది. వెనక వరుసలో పూలబుట్ట ఒక్కటే ఊగుతూ వచ్చేది.

దారిలో మాటలు పెరిగాయి. రోజంతా ఎవరి బండి తప్పులకో తను తిట్లు తింటానని, ఇంటికెళ్ళాక టీవీ సౌండ్ కూడా వినబుద్ధి కాదని అతను చెప్పాడు. క్లాసు అయిపోయాక తనకు తన గొంతే వినబుద్ధి కాదని ఆమె చెప్పింది. ఇద్దరూ సిగ్నల్ దగ్గర ఏమీ మాట్లాడకుండా వైపర్లను చూస్తూ కూర్చునేవాళ్ళు. అలసిపోయినవాళ్ళకు అదో సుఖం. వారమంతటిలో ఒళ్ళు తేలిక పడేది ఆ కాస్త దూరంలోనేనని అక్సాకు మెల్లగా అర్థమైంది. పెళ్ళి మాటలు ఎత్తే బంధువుల మధ్య, పేపర్ల కట్టల మధ్య ఆమెకు దొరకనిది అదే.

మూడో ఆదివారం పాల్ అయ్యగారు ప్రార్థన చేస్తూ చేస్తూ, "ప్రభువా, డేవిడ్ రాజు గారి కుటుంబంలో నువ్వు ప్రారంభించిన శుభకార్యాన్ని నువ్వే సంపూర్తి చెయ్యి," అన్నారు.

అక్సా కళ్ళు తెరుచుకున్నాయి. మగవాళ్ళ వైపు చూస్తే అక్కడా రెండు కళ్ళు తెరుచుకుని ఇటే చూస్తున్నాయి. ఇద్దరూ గబుక్కున కళ్ళు మూసుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు జెరెమియా కిటికీలోంచి చూస్తూ అడిగాడు. "అయ్యగారు బండి గురించే కద ప్రేయర్ చేసింది?"

"అవును. బండి గురించే."

"మంచిది."

"మంచిదే."

వెనక కాంతమణి అత్త గట్టిగా దగ్గింది.

---

బుధవారం సాయంత్రం బన్సీలాల్‌పేట్‌లో ఒకరింట్లో గృహ ప్రార్థన. చుట్టం లేడు గనక ఎవరి సీట్లు వాళ్ళకొచ్చాయి. డేవిడ్ రాజు ముందు, మధ్యలో మేబెల్ ఒక్కతే, అత్త వెనక ఎడమ వైపు. ప్రార్థన అయ్యాక తిరిగొస్తూ మెట్ల బావి మలుపు తిరుగుతుండగా బండి ఠక్కున ఆగిపోయింది.

వాన జోరందుకుంది. వెనక ఆటోలు హారన్లు మొదలుపెట్టాయి. డేవిడ్ రాజు దిగి నెట్టడం మొదలుపెట్టాడు. అత్త అవస్థ పడుతూ దిగింది, కొంగు తల మీద కప్పుకుని బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థించింది. అక్సా బటన్ నొక్కింది. స్టార్ట్ అయింది. "స్తోత్రం!" అంటూ అత్త మళ్ళీ వెనక్కెక్కి కూర్చుంది. ఇంజన్ మళ్ళీ చచ్చింది.

అక్సా అద్దంలో చూసింది. అత్త, అత్త కూర్చున్న సీటు. మూడు ఆదివారాలు ఖాళీగా వచ్చిన సీటు. తను స్కూలుకెళ్ళేటప్పుడు ఖాళీగా ఉండే సీటు. షోరూమ్ వాళ్ళు తార్నాక దాకా తోలినప్పుడూ ఖాళీగా ఉండే సీటు.

"అత్తా, నువ్విటు మధ్యలోకి రా."

అత్త మధ్యలోకి వచ్చింది. బండి ఇంటిదాకా నిక్షేపంగా నడిచింది.

ఆ రాత్రి అక్సా ఫోన్ తీసింది. సర్వీస్ జెరెమియా అని సేవ్ చేసుకున్న నంబర్ తెరిచి చాలాసేపు చూసింది. ఒక్క కాల్ చేసి, వెనక ఎడమ సీటు కింద చూడండి అంటే చాలు. బండి బాగైపోతుంది. బండి బాగైపోతే ఆదివారం ముందు సీట్లో నాన్న కూర్చుంటాడు. జెరెమియా అల్వాల్‌లో తన చర్చికి తను పోతాడు. షోరూమ్ గుమ్మంలో పడేస్తే పీడా పోతుందనుకున్న బండి బాగుపడుతుందంటే గుండెలో ఇలా గుచ్చుకుంటుందని ఆమె అనుకోలేదు. ఫోన్ చేయలేదు.

పక్క గదిలో నాన్న దగ్గుతున్నాడు. వానలో నెట్టినప్పుడు తడిసిన చొక్కా దండెం మీద ఇంకా నీళ్ళు కారుతోంది. గురువారం దగ్గాడు, శుక్రవారం దగ్గాడు. అడిగితే, "ఏం లేదమ్మా, టీచరమ్మలు ఎదురుచూస్తుంటారు, ఆదివారానికి తగ్గిపోతుంది," అన్నాడు. అక్సాకు తన మీద తనకే సిగ్గేసింది. రద్దీ రోడ్డు మీద ఇంకోసారి ఆగితే ఏమవుతుందో ఆలోచించడానికి కూడా భయమేసింది.

నాలుగో ఆదివారం అందరూ బండి చుట్టూ నిలబడి ఉండగా, అక్సా అంది. "అత్తా, ఇవాళ నువ్వు నీ సీట్లో కూర్చో. వెనక, ఎడమ వైపు."

"ఏమిటే! చుట్టం ముందు..."

అక్సా జెరెమియా వైపు చూసింది. అతను ఆశ్చర్యపోలేదు. ఎందుకని అడగలేదు. దొరికిపోయినవాడిలా తల దించుకున్నాడు. ఇతనికి తెలుసు, అనుకుంది ఆమె.

"ఆంటీ, మీరొద్దు," అన్నాడు మెల్లగా. "నేను కూసుంటా వెనకాల. మీరు ముంగట కూసోండి."

"చుట్టాన్ని వెనక కూర్చోబెడతారా ఎవరైనా?"

అప్పటికే అతను మధ్య సీటు మడిచి వెనక్కి దూరిపోయాడు. టీచరమ్మలు వాళ్ళ సీట్లలో కూర్చున్నారు. బండి బయల్దేరింది. రెండుసార్లు దగ్గింది. మూడోసారి సరిగ్గా మందిరం గేటుకు అడ్డంగా, సంఘమంతా గొడుగులతో లోపలికి వస్తుండగా ఆగిపోయింది.

డేవిడ్ రాజు స్కూటర్ వెనకే వచ్చి ఆగింది. అతని మొహంలో రంగు లేదు.

అత్త ప్రార్థనకు దిగబోయింది. "ఆంటీ, ఎవ్వరు దిగొద్దు," అన్నాడు జెరెమియా. "నేనొక్కణ్నే దిగుతా." దిగాడు. "ఇప్పుడు స్టార్ట్ చెయ్యండి మేడమ్."

స్టార్ట్ అయింది. ఎక్కి కూర్చున్నాడు. ఆగిపోయింది. మళ్ళీ దిగాడు. స్టార్ట్ అయింది. గేటు దగ్గర పిల్లలు చప్పట్లు కొట్టారు.

పాల్ అయ్యగారు గొడుగు పట్టుకుని దగ్గరికొచ్చారు. డేవిడ్ రాజు హెల్మెట్ తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. "అయ్యగారూ, సాక్ష్యం చెప్పిన నోటితోనే ఇది కూడా చెప్పాలి. ఈ బండి మొదటి నుంచీ ఆగుతూనే ఉంది. సిగ్గుపడి దాచాను. ఈ బాబు సర్వీస్ సెంటర్ నుంచి వచ్చాడు. మీరందరూ అనుకుంటున్నట్టు..." సంఘం ఏమనుకుంటోందో అతనికి ఆ వారమే ఎవరో చెప్పారు. "అనుకుంటున్నట్టు సంబంధం కాదు."

అయ్యగారు గొడుగు అతని మీదికి జరిపారు. "బండి సంగతి మాకెప్పుడో తెలుసు రాజు గారూ. మీరు చౌరస్తాలో నెడుతుంటే సగం సంఘం చూసింది. మీరు బాధపడతారని ఎవరూ అడగలేదు. టీచరమ్మలను ఒక్క వారం కూడా మానకుండా తెచ్చారు. మీరిచ్చిన మాట అదేగా?" జెరెమియా వైపు తిరిగారు. "సంబంధం కాదన్న సంగతే మాకు తెలీదు."

లోపల మొదటి పాట అందుకున్నారు. అందరూ మెల్లగా కదిలారు. కాంతమణి అత్త మాత్రం నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"అయితే ఇన్నాళ్ళూ బండి లేచింది నా ప్రార్థనకు కాదా బాబూ? నేను సీటు దిగినందుకా?"

జెరెమియా చెవి గోక్కున్నాడు.

"దింపింది ఎవరు మరి?" అని, కొంగు సర్దుకుని ఆవిడ లోపలికెళ్ళిపోయింది.

బండి పక్కకు తీసి అక్సా, జెరెమియా ఇద్దరే మిగిలారు. అతను సీటు కింది కార్పెట్ ఎత్తి చూపించాడు. ఇంజన్‌కు పెట్రోల్ పంపే మోటారు వైరు సీటు కాలి కింద నలిగిపోయి ఉంది. మనిషి బరువుకు కుదుపు తోడైతే తెగినట్టే అవుతుంది, లేవగానే కలుస్తుంది.

"మీకు ముందే తెలుసు," అంది అక్సా.

"రెండో ఆదివారమే డౌట్ వచ్చింది. వెనకాల సీట్ ఖాళీగుందని."

"మరి చెప్పలేదేం?"

"మీకెప్పుడు తెలిసింది మేడమ్?"

"బుధవారం."

"బుధవారం నుంచి ఇయ్యాల్టి దాక ఫోన్ ఎందుకు చెయ్యలే?"

అక్సా నలిగిన వైరును వేలితో తాకింది. వాన కారు పైకప్పు మీద గలగలా పడుతోంది. "మీరెందుకు చెప్పలేదో అందుకే," అంది.

జెరెమియా కార్పెట్ మళ్ళీ పరిచాడు. "తప్పు చేసిన. ఏ బ్రిడ్జి మీదనో ఆగితే ఏమయ్యేదో," అన్నాడు. "రేపే బండి తీస్కపోతా. మంచిగ చేసి పంపుతా."

మంచిగా చేసే పంపాడు. ఫోన్ మాత్రం చేయలేదు. "పదికి పది రేటింగ్ ఇవ్వండి," అని ఏదో అమ్మాయి గొంతు అడిగితే, అక్సా ఏమీ చెప్పకుండా పెట్టేసింది. వారమంతా బండి చక్కగా నడిచింది. అంత నీరసమైన వారం ఆమెకు ఈ మధ్య రాలేదు.

---

ఆదివారం ఎవరి సీట్లు వాళ్ళవి. డేవిడ్ రాజు ముందు, మధ్యలో మేబెల్, టీచరమ్మలు. కాంతమణి అత్త ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, చీర ఎగ్గట్టుకుని వెనక్కెక్కింది. అక్సా ఇంజన్ స్టార్ట్ చేసి గేరు వేయబోయింది.

గేటు దగ్గర తెల్ల చొక్కా. చేతిలో బైబిలు. అల్వాల్ బస్సు దిగి నడిచొచ్చినట్టుంది, ప్యాంటు మోకాళ్ళ దాకా బురద.

డేవిడ్ రాజు అద్దం దించాడు. "బండి బాగైంది బాబూ. ఇంక ఒక్కసారి కూడా ఆగలేదు."

"తెలుసు అంకుల్."

"మరి..." తలుపు తీసి దిగబోయాడు. "రా బాబూ, ముందు కూర్చో. మేం స్కూటర్ మీద వస్తాం."

జెరెమియా తలుపు పట్టుకుని ఆపాడు. "ముందు సీటు చుట్టాలదంట కద అంకుల్. ఆంటీ చెప్పింది." బైబిలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "నేను వెనక సీట్ల కూసుంటా. మీరు ఒప్పుకుంటే."

ముందు మేబెల్‌కు అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టీచరమ్మల్లో పెద్దావిడ రెండో ఆవిడ చెయ్యి పట్టుకుంది. డేవిడ్ రాజు అతన్ని చూసి, బురద ప్యాంటు చూసి, మెల్లగా కూతురి వైపు తిరిగాడు.

"నువ్వేమంటావమ్మా?"

అక్సా రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని సూటిగా రోడ్డునే చూస్తోంది. అలసట ఎక్కడికి పోయిందో తెలియదు, కళ్ళలో నీళ్ళు మాత్రం ఉన్నాయి.

"ఆరాధనకు టైమవుతోంది నాన్నా," అంది. "ఎక్కమను."

జెరెమియా సీటు మడిచి, తల వంచుకుని వెనక్కి దూరాడు. అక్కడ కాంతమణి అత్త కదల్లేదు, మెదల్లేదు.

"ఎడమ సీటు నాది," అంది పూలబుట్ట తీసి అతని ఒళ్ళో పెడుతూ. "నువ్వు అటు జరుగు."

జరిగాడు. బండి నిండింది. అక్సా గేరు వేసింది.